అచ్చుకెక్కని గొంతు

ఆ రోజు గొడవ ఫాను దగ్గర వచ్చింది. మా అత్తగారు అరుంధతమ్మగారికి కంచంలో అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. మా వారు ఫణీంద్రకు భోంచేస్తున్నంతసేపూ నెత్తిమీద ఫాను గిర్రున తిరుగుతూ ఉండాలి. ఆవిడ లేచి కట్టేశారు. ఈయన లేచి వేశారు. ఆవిడ మళ్ళీ లేచారు.

“ముద్ద కలిపేలోపు చద్దన్నం అయిపోతోందిరా.”

“చెమట కారి పప్పులో పడుతోందమ్మా.”

“పడనీ. ఉప్పు కలిసొస్తుంది.”

మా అమ్మాయి వర్ణికకు నవ్వుతూ నవ్వుతూ పొలమారింది. నేను దాని నెత్తిమీద తట్టి నీళ్ళ గ్లాసు అందించేలోగా తల్లీకొడుకులు ఫాను వదిలేసి పాత సంగతుల్లోకి వెళ్ళిపోయారు. డాబా మీద ఆరబోసిన వడియాల మీద ఈయన చిన్నప్పుడు పరుగులు తీసిన వైనం ఆవిడ ఎత్తారు. ఆ వడియాలు ఎలాగూ మాడిపోయాయని ఈయన అన్నారు. చివరికి ఈయనే తగ్గి, “సరే, కట్టేస్తా. కానీ రేపు నువ్వు నాతో లైబ్రరీకి రావాలి” అన్నారు.

“నేనా? కళ్ళు మసకలొచ్చి చదవడం మానేసి ఎన్నాళ్ళయిందిరా?”

“చదవక్కర్లేదమ్మా. చదివినవి గుర్తు తెచ్చుకుంటే చాలు.”

ఆవిడ ముద్ద కలుపుతూ, “ముందు ఫాను కట్టెయ్” అన్నారు.

మా ఊరు రేపల్లె. ఆయన పనిచేసేది ఊళ్ళోని విద్యాప్రదాయని పఠన మందిరంలో. ఏ పుస్తకం ఎక్కడుందో పాఠకులకు తెలిసేలా కేటలాగు తయారు చేయడం ఆయన ఉద్యోగం. ఆ లైబ్రరీలో వెనక వైపు ఒక పొడుగాటి గది ఉంది. దాన్ని అందరూ బైండు గది అంటారు. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చిన కాలంలో ఆడవాళ్ళు నచ్చిన సీరియల్ పేజీలను వారం వారం పిన్నులు ఊడదీసి, నలగకుండా పరుపుల కింద దాచుకునేవారు. సీరియల్ అయిపోయాక అట్టలు వేయించి బైండు చేయించుకునేవారు. ఆ తరం ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, అటకల మీది బైండ్లను తూకానికి వేయడానికి చేతులు రాని పిల్లలు సంచుల్లో మోసుకొచ్చి లైబ్రరీ అరుగు మీద పెట్టి పోయేవారు. అలా నిండింది ఆ గది.

అందులో ఏది ఏమిటో చెప్పడం ఎవరి వల్లా కాలేదు. సీరియల్ బాగుందని తెలిసేసరికి నాలుగైదు వారాలు గడిచిపోతాయి కనక చాలా బైండ్లకు మొదటి భాగాలు ఉండవు. సీరియల్ పేరూ రాసినవారి పేరూ పేజీ నెత్తిన ఉంటే, బైండరు అంచులు సమంగా కోసినప్పుడు అవి ముక్కలై రాలిపోయాయి. ఒక పేజీకి ముందు వైపు ఒక సీరియల్, వెనక వైపు ఇంకోటి ఉంటే ఏదో ఒకటే దాచుకోగలరు. ఏది ఉంచారో, ఏది వదిలారో ఆ ఇల్లాలి ఇష్టం. కేటలాగులో అన్నిటికీ ఒకటే పేరు: ‘పేరు తెలియని బైండు’.

పాఠకులు వచ్చి అడిగేదీ పేరు పెట్టి కాదు. “అందులో ఒకమ్మాయి రైలు తప్పిపోతుందండీ. స్టేషన్ మాస్టరు మజ్జిగ ఇస్తాడు. మా అమ్మ చెప్పేది. ఆ పుస్తకం ఉందా?” అంటారు. ఆయన పేజీలన్నీ ఫొటోలు తీయించి, వెబ్‌లో కొత్తగా వచ్చిన ప్రతి వెతుకులాట సాధనాన్నీ కేటలాగుకు జోడించి చూశారు. రైలు, మజ్జిగ అని కొడితే విజయవాడ వెళ్ళే రైళ్ళ వేళలూ, మసాలా మజ్జిగ చేసే విధానాలూ వచ్చాయి. పేజీల్లో వెతికినా దొరకలేదు. పేజీలో స్టేషన్ మాస్టరు ఇచ్చింది కాఫీ అయి ఉండొచ్చు. ఆ తల్లికి మజ్జిగ అని గుర్తుండిపోయి ఉండొచ్చు. గుర్తులో ఉన్నదీ అచ్చులో ఉన్నదీ ఎప్పుడూ ఒకటి కాదు.

హైదరాబాదులో జ్ఞాపకాల మీద పరిశోధన చేసే తస్నీమ్ అనే ఆవిడ ఈ చిక్కు గురించి విని, తన యంత్రంతో మా ఊరు వచ్చింది. దాని పేరు ఆనవాలు. మెత్తటి అల్లిక టోపీ ఒకటి తలకు పెట్టుకుని, చదివిన కథలో ఒక ఘట్టం గుర్తు తెచ్చుకుంటే, ఆ గుర్తుకు దగ్గరగా ఉన్న పేజీని అది వెతికి తెర మీద చూపిస్తుంది. పదాలతో దానికి పని లేదు. కాకపోతే గుర్తు ఎలా ఉంటుందో, దానికి సరిపడే పేజీ ఎలా ఉంటుందో ముందు దానికి ఎవరైనా నేర్పాలి. బోలెడన్ని సీరియళ్ళు చదివి, ఒక్కటీ మర్చిపోని మనిషి కావాలి.

ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నారు.

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. టోపీ సరిగ్గా కూర్చోవాలంటే ముడి విప్పాలి. నేను తప్ప ఇంకెవరు తల మీద చెయ్యి వేసినా అత్తయ్య ఊరుకోరు. నేను ముడి విప్పి, నెరిసిన ఆ పాయలను రెండు వైపులా సర్ది టోపీ తొడిగాను.

“అచ్చం దూడ మూతికి కట్టే చిక్కం బోర్లించినట్టు ఉందే” అన్నారావిడ అద్దంలో చూసుకుని.

తస్నీమ్ నవ్వింది. “మీకు బాగా ఇష్టమైన సీరియల్ ఏదైనా తలుచుకోండమ్మా. అందులో ఒక్క చోటు చాలు.”

ఆవిడ కళ్ళు మూసుకుని బయటికే చెప్పడం మొదలుపెట్టారు. “లంక ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మ. ఆఖరి పడవ దాటిపోతుంది. సరంగు ఇంట్లోనే తలదాచుకుంటుంది. వాళ్ళావిడ అన్నం పెడుతుంది. తిని, చెయ్యి కడుక్కుంటూ చూస్తుంది కదా, కంచం అంచున పేరు చెక్కి ఉంటుంది. వాళ్ళమ్మ పేరే. చిన్నప్పుడు వదిలేసి పోయిన అమ్మది.” ఆవిడ పెదవుల మీద నవ్వు వచ్చింది. “సునంద అది చదువుతూ ఆపేసింది. రోటి మీదెక్కి కూర్చుని చదివేది లెండి. ‘అమ్మా, ముందు నువ్వు ఏడవనని ఒట్టు వెయ్యి, అప్పుడు చదువుతా’ అంది.”

సునంద మా వారి అక్క. తొమ్మిదో ఏట మెదడుకు జ్వరం సోకి పోయింది. అప్పటికి ఈయన ఊయలలో పిల్లాడు. బడి నుంచి వచ్చాక, వంట చేసుకుంటున్న తల్లికి వారపత్రిక చదివి వినిపించడం ఆ పిల్ల పని. అత్తయ్య ఆ సీరియళ్ళలో ఏదీ తన కళ్ళతో చదవలేదు. అన్నీ ఆ గొంతులోనే విన్నారు.

తెర మీద పేజీ వచ్చేసింది. గోధుమరంగుకు తిరిగిన కాగితం, మధ్యలో కంచం పట్టుకున్న అమ్మాయి బొమ్మ. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ అంతా చదివారు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. మా వారు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల్లి చెయ్యి పట్టుకున్నారు. ఆయన మొహం అంత వెలిగిపోగా నేను పెళ్ళినాడు కూడా చూడలేదు.

ఆ వానాకాలమంతా వారానికి కొన్ని పొద్దులు అలా వెళ్ళి వచ్చాం. ఆవిడ ఒక సీరియల్ తెరిస్తే ఆ నేర్పుతో ఆనవాలు మరో పాతిక దానంతటదే పట్టుకునేది. ‘పేరు తెలియని బైండు’ల వరస తరుగుతూ వచ్చింది. వేరే ఊళ్ళ లైబ్రరీలు కూడా టోపీలు తెప్పించుకున్నాయి. మజ్జిగ సీరియల్ దొరికింది. అందులో స్టేషన్ మాస్టరు ఇచ్చింది కొబ్బరిబొండం. అడిగినాయన ఆ పేజీని గుండెకు హత్తుకుని కూర్చున్నాడట.

“మీ కొడుకు ఇంత పైకి వస్తాడనుకున్నారా వదినా?” అని పక్కింటి రమణమ్మగారు అడిగితే, “వాడు రాలేదు, నేను తెచ్చా” అన్నారు అత్తయ్య.

మా ఇంట్లో సాయంత్రాలు చిక్కుడుకాయల ఈనెలు తీసే వేళకు ఆవిడ ఒక సీరియల్ చెప్పడం, నేను వినడం నా పెళ్ళైన కొత్తలోనే మొదలైంది. నిజానికి ఆ కథల కన్నా ఆవిడ మధ్యలో అతికే సంగతులు నాకు ఎక్కువ ఇష్టం. హీరో సిగరెట్టు వెలిగించాడని ఉంటే, ‘ఇది చదవనా అమ్మా, వదిలేయనా’ అని సునంద అడిగేదట. విలన్ మాటలన్నీ వీధి చివర కిరాణా కొట్టు షావుకారు గొంతు పెట్టి చదివేదట. ఒక వారం షావుకారే బియ్యం బస్తా దింపించడానికి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడట. “ఆ పిల్ల తడుముకోలేదే. ‘ఇందులో వాడు మీలా మంచివాడు కాదు బాబాయిగారూ’ అంది.” ఇక్కడ ఆవిడ నవ్వి నవ్వి చిక్కుడుకాయల బుట్ట తోసేసేవారు. ఎన్నిసార్లు విన్నా నాకూ నవ్వు వచ్చేది.

ఒక సాయంత్రం నేనే అడిగాను. “ఆ షావుకారు వచ్చిన సీరియల్ చెప్పండి అత్తయ్యా.”

“షావుకారా? అందులో షావుకారు ఎవరూ లేరే. మిల్లు యజమాని ఉంటాడు” అని ఆవిడ కథ ఎత్తుకున్నారు. చక్కగా చెప్పారు. ఏ మాటా తడబడలేదు. ‘సంధ్యారుణ కాంతులు ఆమె చెక్కిళ్ళపై నర్తించాయి’ అని కూడా అన్నారు. ఆవిడ అలా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. అది పేజీ మాట. ముగింపు దాకా ఎక్కడా ఆగలేదు, నవ్వలేదు. బుట్ట ఉన్నచోటే ఉంది.

“బియ్యం బస్తా వేయించడానికి వచ్చాడే, ఆయన...”

“ఎవరమ్మాయ్?”

“ఈ సీరియల్ మీకు చదివి పెట్టిందెవరు అత్తయ్యా?”

ఆవిడ నా వైపు చూశారు. “ఒకరు చదివి పెట్టడమేంటి? నాకు చదువు రాదా? నేనే చదివా.”

నా వేళ్ళ మధ్య చిక్కుడుకాయ విరిగింది. గోడ మీద సునంద ఫొటో ఉంది. రెండు జడలు, బుగ్గన చుక్క. పొద్దున దానికి పూలు పెట్టింది ఆవిడే. కూతురుందనీ, పోయిందనీ తెలుసు. ఆ పిల్ల పుట్టినప్పుడు వచ్చిన గాలివాన గురించి అడిగితే చెప్పారు. బడిలో వేసినప్పుడు కొన్న పలక గురించి చెప్పారు. వంటింట్లో రోటి మీద కూర్చుని చదివిన పిల్ల గురించి అడిగితే, మర్యాదకు వింటున్నట్టు తల ఊపారు.

ఆయనకు చెప్పాను.

“వయసు, హిమా. మొన్న నీ పేరు బదులు వర్ణిక పేరు పిలవలేదా?”

“వయసైతే అటూ ఇటూ పోవాలి. లైబ్రరీలో వెతికిన సీరియళ్ళలోంచే సునంద మాయమైంది. వెతకనివాటిలో ఉంది. రైస్ మిల్లు కూలీ పెళ్ళాం కథ ఇంకా వెతకలేదు. నిన్న అడిగితే చదివేటప్పుడు సునంద ఏం తింటోందో కూడా చెప్పారు.”

“ఏం తింటోంది?”

“మరమరాలు.”

ఆయన ఫోన్ తీసి తస్నీమ్‌కు రమ్మని చెప్పారు.

తస్నీమ్ మా ఇంటికే వచ్చింది. అత్తయ్య గుడికి వెళ్ళిన వేళ. నేను చెప్పింది మొదటి నుంచి చివర దాకా వింది. ఆశ్చర్యపోలేదు. అదే నన్ను భయపెట్టింది.

“గుర్తు అనేది బీరువాలో ఉంచిన చీర లాంటిది కాదు మేడమ్, తీసి చూసి మళ్ళీ అలాగే మడిచి పెట్టడానికి. తీసిన ప్రతిసారీ కాసేపు పచ్చిగా ఉంటుంది. మళ్ళీ ఆరితేనే నిలుస్తుంది. మామూలుగా అయితే ఉన్నదున్నట్టు, కొంచెం అటూ ఇటూగా ఆరుతుంది. మేం ఆ పచ్చిగా ఉన్నప్పుడే అచ్చు పేజీ ఎదురుగా పెడుతున్నాం. మెదడుకు పేజీ బలంగా కనిపిస్తుంది. దాన్నే ముద్ర వేసుకుని ఆరిపోతుంది. చుట్టూ అంటుకుని ఉన్నవి పోతాయి.”

“మీకు ముందే తెలుసా?” అన్నారాయన.

“అనుమానం ఉంది. వచ్చినవాళ్ళను అడుగుతూనే ఉన్నాం ఫణీంద్ర గారూ, ఏమన్నా మర్చిపోయారా అని. అందరూ ఇప్పుడు ఇంకా బాగా గుర్తుందంటారు. పోయిందేంటో పోగొట్టుకున్నవాళ్ళకు తెలియదు కదా. ఇంట్లో ఇంకొకరు విని ఉంటేనే తెలుస్తుంది. మీ ఇంట్లో మేడమ్ విన్నారు.”

“పేజీ చూపించకుండా వెతకండి.”

“చూపించి, ‘అవును ఇదే’ అని వాళ్ళ మెదడు ఒప్పుకుంటేనే అది నేర్చుకునేది. చూపించకపోతే దానికి గుడ్డితనమే. ఆర్నెల్లు ప్రయత్నించాం.”

“పోయినవి తిరిగి రావా?” అని నేను అడిగాను.

తస్నీమ్ కాఫీ గ్లాసును చేతుల్లో తిప్పుతూ, “మా అబ్బా దగ్గర కూడా మొదట్లో పరీక్షించాను మేడమ్. ఉర్దూ జాసూసీ కథలు, అవే డిటెక్టివ్ కథలు. మా అమ్మ బతికున్నప్పుడు ఇద్దరూ ఒకే పుస్తకం పోటీపడి చదివేవారు. ఇప్పుడాయనకు కథలన్నీ కంఠతా వచ్చు” అంది.

ఆయన మర్నాడు ఆపమని పైవాళ్ళకు రాశారు. ఇప్పటికే అన్ని ఊళ్ళలో పెట్టేశామనీ, పాఠకులు బారులు తీరుతున్నారనీ, ఒక వృద్ధురాలి మరపును ఆధారంగా తీసుకోలేమనీ జవాబు వచ్చింది. ఈయన చేయగలిగిందల్లా తల్లిని ఇక తీసుకెళ్ళకపోవడం. ఆ సంగతి ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక రెండు పూటలు ఇంట్లో ఊరికే తిరిగారు.

నేనే చెప్పాను. అంతా, తస్నీమ్ చెప్పినట్టే. ఆవిడ అడ్డు తగలకుండా విన్నారు.

“అయితే ఆ పిల్ల నాకు చదివి వినిపించేదంటావు.”

“అవునత్తయ్యా. ఏళ్ళ తరబడి మీరే చెప్పారు. నాకు అన్నీ వచ్చు.”

“ఏదీ, ఒకటి చెప్పు.”

షావుకారు సంగతి చెప్పాను. బియ్యం బస్తా, గుమ్మం, బాబాయిగారూ అన్న మాట. ఆవిడ ఆగే చోటే ఆగాను. ఆవిడ పెట్టే గొంతే పెట్టాను. ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పాను. ఎక్కడో ఒక చోట ఏదో కదులుతుందని ఎదురు చూశాను. ఆవిడ నవ్వారు. ముచ్చటగా, కొత్త సంగతి విన్నట్టు నవ్వారు.

“భలే చెబుతావే అమ్మాయ్. ఏ సీరియల్లోది?”

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, శుభ్రంగా ఉన్న గిన్నెలనే మళ్ళీ కడిగాను.

ఆ తర్వాత ఆవిడ తనకు తానే లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చుని, ఒక్కో సీరియల్ తలుచుకుని, అందులో పిల్ల ఉందో లేదో చూసుకునేవారు. తలుచుకున్నంత మాత్రాన ఏం కాదని, పేజీ చూస్తేనే పోతుందని తస్నీమ్ ధైర్యం చెప్పింది. అయినా ఆవిడ భయం భయంగా, మూత కొద్దిగా జరిపి చూసినట్టు చూసేవారు. లంక టీచరమ్మ దగ్గర లేదు. మిల్లు యజమాని దగ్గర లేదు. రైస్ మిల్లు కూలీ పెళ్ళాం దగ్గర ఉండాలి. కానీ ఆవిడ ఫోన్‌కు పేజీలు పంపొద్దని ఆయన లైబ్రరీలో చెప్పేలోపే దాని పేజీని ఏదో ఊళ్ళో ఎవరో వెతికి పట్టారు. లైబ్రరీ ప్రతి ఆదివారం దొరికిన పేజీలను పాఠకుల ఫోన్లకు పంపుతుంది. అత్తయ్య ఫోన్‌కూ వచ్చింది. ఆవిడ ఆ కథ తలుచుకుంటూనే ఫోన్ తెరిచారు. వర్ణిక లాక్కునేసరికి చదవడం అయిపోయింది.

“మరమరాలు, నానమ్మా?” అంది వర్ణిక.

“కావాలా? డబ్బాలో ఉన్నాయి” అన్నారావిడ.

చివరికి ఒక్కటి మిగిలింది.

దీపస్తంభం కాపలావాడి భార్య కథ. అది ఆ పిల్ల జ్వరంలో పడుకుని చదివిందని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజుల ఊసు మా ఇంట్లో ఎవరం తేము. అమంగళమని ఒక భయం, ఆవిడను బాధపెట్టడమెందుకని ఒక మొహమాటం. లైబ్రరీకి వెళ్ళేటప్పుడూ విందులో తీపి ముందు వడ్డించినట్టు, ఇష్టమైనవీ నవ్వొచ్చేవీ ముందు వెతికాం. దాన్ని చివరికి నెట్టుకుంటూ వచ్చాం. అలా ఆవిడ దగ్గర కూతురి గొంతు మిగిలింది ఆ ఒక్క చోటే.

నాకు పెళ్ళైన ఇన్నేళ్ళలో దాని గురించి ఆవిడ అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చెప్పారు.

“మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునేది. వద్దు తల్లీ పడుకో అంటే వినేది కాదు. పక్క మీద తడిగుడ్డ, పత్రిక గుండెల మీద. ఒక్కో అక్షరం పట్టుకుని లాగినట్టు చదివేది. కాపలావాడు సముద్రంలోకి వెళ్ళాడు, తుఫాను లేచింది, ఆవిడ దీపం ఆరిపోకుండా చీర అడ్డం పట్టుకుంది. అక్కడితో ఆ వారం అయిపోయింది. ‘వాడు వస్తాడా అమ్మా?’ అంది. వస్తాడు అన్నా. ‘నీకెలా తెలుసు, నువ్వు చదవలేదుగా’ అంది. మళ్ళీ వారం పత్రిక వచ్చింది. నేను ముట్టుకోలేదు.”

ఆవిడ రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నారు. బయటి చప్పుడు వినపడకుండా ఉండాలనుకున్నట్టు కాదు, లోపల వినిపించేదాన్ని ఆపాలన్నట్టు.

“ఇదివరకు ఇది గుర్తొస్తే వెంటనే ఇంకోటి వచ్చేదేమో కదా. నవ్వించేదేదో. నువ్వు చెప్పిన షావుకారో ఎవరో. అది అడ్డం నిలబడేది. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. పిల్లను తలుచుకుంటే ఆ ఊపిరే వినపడుతోంది. పూలు పెట్టబోతే ఆ ఊపిరే.”

అప్పటి నుంచి ఆవిడ ఫొటోకు పూలు పెట్టడం మానేశారు. ఆ పని వర్ణిక చేస్తోంది. ఆవిడ అన్నం సగం కూడా తినడం లేదు. ఎవరైనా కాస్త గట్టిగా ఊపిరి తీస్తే తల తిప్పి చూస్తున్నారు. తస్నీమ్‌ను అడిగాం, వేరే దారి ఏదైనా ఉందా అని. జ్ఞాపకాన్ని తగ్గించే మందులు లేవని కాదు, ఏది తగ్గుతుందో వాటికీ తెలియదని చెప్పింది.

నిన్న ఆదివారం. నేను గుత్తివంకాయ కూర, టమాటా చారు చేశాను. ఆవిడ పిలవకుండానే వచ్చి కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత జుట్టు నున్నగా దువ్వుకున్నారు. మొదటి ముద్ద తిని, కూర బాగుందన్నారు. మా వారు నా వైపు చూశారు. ఆ మాత్రం మాటకే ఆయన కళ్ళల్లో ఆశ కనిపించింది.

“ఫణీ, రేపు నన్ను లైబ్రరీకి తీసుకెళ్ళు” అన్నారావిడ.

ఆయన ముద్ద కంచంలో దింపారు. “ఎందుకమ్మా?”

“దీపస్తంభం కథ వెతికించాలి.”

“వద్దమ్మా. అదొక్కటే ఉంది నీ దగ్గర.”

“అదొక్కటే ఉందనేరా. నాలుగు ఉంటే నాలుగింటిలో ఒకటిగా పడి ఉండేది. ఒక్కటే అయ్యేసరికి అదే నా కూతురయి కూర్చుంది. నా పిల్లంటే ఆ ఊపిరేనా? తొమ్మిదేళ్ళు పెంచా దాన్ని.”

“అత్తయ్యా, కొన్నాళ్ళు ఆగితే...” అన్నాను.

“ఆగితే ఏమవుతుందో నువ్వు చెప్పు. నీకే బాగా తెలుసు.”

నేను చారు గిన్నెలో గరిటె తిప్పుతూ కూర్చున్నాను.

వర్ణిక మెల్లగా అడిగింది. “ఆ తర్వాత అత్త గొంతు నీకు అసలు గుర్తుండదు కదా నానమ్మా.”

“ఉండదు. ఫొటో ఉంటుంది. ఫలానా పిల్ల పుట్టింది, పోయింది అని తెలుస్తుంది. గోడ మీద మా ముత్తవ్వ ఫొటో ఉండేది, ఆవిడ కూడా అంతే నాకు.” ఆవిడ ఇంకో ముద్ద కలుపుకున్నారు. “కాపలావాడు తిరిగొచ్చాడో లేదో కూడా తెలుస్తుంది. అది అడిగింది కదా.”

“అది తెలిసేసరికి అడిగిందెవరో నీకు తెలియదమ్మా.” మా వారు కంచం పక్కకు నెట్టారు.

“తెలియదు” అని ఆవిడ ఒప్పుకున్నారు. “అందుకే ఇప్పుడే మీ ముగ్గురికీ చెబుతున్నా. రేపు ఇంటికొచ్చాక నాకు దాని గురించి ఎవరూ ఏమీ చెప్పొద్దు. హిమా, నువ్వు కూడా. నేనే అడిగినా సరే, ఏదో సీరియల్లోది అత్తయ్యా అని చెప్పెయ్.”

ఆవిడ నా వైపే చూస్తూ కూర్చున్నారు, నేను ఊ అనేదాకా.